సంస్కర్తకు కుర్చీ లేని సభ

పడుపు వృత్తి మానుకున్న స్త్రీలూ, మానుకోవాలనుకునే స్త్రీలూ ఒకచోట కూర్చుని తమ సంగతులు తామే మాట్లాడుకునే సమావేశాలు మన పట్టణాల్లో అక్కడక్కడా జరుగుతున్నాయి. వీటిపట్ల మనవాళ్ళలో ఒక చులకన వుంది. "నలుగురూ చేరి ఏడ్చుకుంటే వ్యవస్థ మారుతుందా?" అని యీ మధ్య ఒక అధ్యాపక మిత్రుడు నన్నడిగాడు. ఆకలీ, నిరుద్యోగమూ పోనిదే యీ వృత్తి పోదు, కాబట్టి యీ సమావేశాలు పుండుకు పైపూత మాత్రమే — ఇదీ ఆయన వాదన. మొదటి సగం నేనూ ఒప్పుకుంటాను. రెండో సగం మన సోమరితనానికి తొడిగిన సిద్ధాంతపు చొక్కా.

వ్యవస్థ మారేదాకా ఆ మనిషి ఎక్కడుండాలి? ప్రభుత్వం దగ్గర దీనికి జవాబు వుంది. 1986లో పేరు మార్చుకున్న 1956 నాటి చట్టం ప్రకారం, పోలీసులు "రక్షించిన" స్త్రీని మేజిస్ట్రేటు విచారణ జరిపి, ఏడాదికి తగ్గకుండా 3 ఏళ్ళకు మించకుండా రక్షణ గృహంలో వుంచవచ్చు. వీధిలో విటుణ్ణి పిలిచిందని రుజువైతే, కోర్టు తలచుకుంటే, దిద్దుబాటు సంస్థలో 2 నుంచి 5 ఏళ్ళు వుంచవచ్చు. అదే నేరం మగవాడు చేస్తే 7 రోజులనుంచి 3 నెలల జైలు! దిద్దుబాటు అవసరం ఆడదానికే వుందన్నమాట. 2022 మే 19న సుప్రీంకోర్టు రాష్ట్రాలకు ఒక ఆదేశం ఇచ్చింది: యీ గృహాలన్నిటినీ సర్వే చేసి, ఇష్టం లేకుండా వుంచబడిన వయోజన స్త్రీల కేసులు సమీక్షించి, గడువులోగా విడుదలకు చర్య తీసుకోవాలని. రక్షణ గృహానికి గొళ్ళెం బయటివైపు వుందని గమనించడానికి మనకు 66 ఏళ్ళు పట్టింది.

ప్రభుత్వాన్ని తిట్టడం మనకు అలవాటైన పనే. మన ఇంటి సంగతి చూద్దాం. 1949 నవంబరు 21 రాత్రి పెకింగులో 224 వేశ్యాగృహాలు ఒక్కసారిగా మూతపడ్డ వార్త మా గురువులు మాకు కథగా చెప్పేవారు. అక్కడ జరిగిన మంచిని నేను కాదనను. వెయ్యికి పైగా స్త్రీలకు వైద్యం జరిగింది, చదువూ పనీ నేర్పారు, యజమానులను శిక్షించారు. ఆ స్త్రీలు ఒకరి ముందు ఒకరు తమ కష్టం చెప్పుకున్నారు కూడా. కాని సభ పెట్టింది కార్యకర్తలు. ఏం చెబితే మనిషి మారినట్టో తేల్చిందీ వారే, గేటు మూసిందీ వారే. తరవాత వృత్తి తిరిగి వచ్చింది. గేటు మాత్రం పోలేదు. కోర్టుతో నిమిత్తం లేకుండా పోలీసులే 6 నెలలనుంచి 2 ఏళ్ళు "విద్య" పేరుతో నిర్బంధించే పద్ధతికి 1991లో అక్కడ చట్టరూపం వచ్చింది. అది రద్దయింది 2019 డిసెంబరులో. దీన్ని మన పత్రికల్లో ఎందరు చర్చించారు?

ఇక నా సంగతి. రెండేళ్ళ క్రితం నన్ను ఒక సమావేశానికి పిలిచారు. పిలిచారంటే, రేషన్ కార్డుల అర్జీలు రాసిపెట్టడానికి చదువుకున్నవాడెవరైనా కావాలన్నారు. నేను మాత్రం మధురవాణి మీద ఉపన్యాసం సిద్ధం చేసుకుని బయలుదేరాను. ఆమె చేతిలో భగవద్గీత పెట్టిన సౌజన్యారావు పంతుల్ని క్లాసులో ఎన్నోసార్లు ఎగతాళి చేసినవాణ్ణి. ఆ రోజు నా సంచిలో కన్యాశుల్కం వుంది. అక్కడి పెద్దావిడ, "మాస్టారూ, మీరలా వరండాలో కూర్చోండి. రాసే పని వచ్చినప్పుడు పిలుస్తాం" అంది. కూర్చున్నాను.

వినపడినదాంట్లో ఒక్కటే చెబుతాను, చెప్పమన్నారు కాబట్టి. వృత్తి మానిన ఒకామె మళ్ళీ పదకొండు రోజులు వెళ్ళివచ్చానని చెప్పింది. ఏ శరణాలయంలోనైనా దాన్ని పతనం అంటారు, రిజిస్టరులో రాస్తారు. ఇక్కడ ఎవరూ ఎందుకెళ్ళావని అడగలేదు. "ఎంత అప్పు? వారం వడ్డీయా? నోటు రాశావా, ఖాళీ కాగితం మీద సంతకం పెట్టావా?" అని అడిగారు. ఆ వడ్డీ వ్యాపారి గొంతు ఎలా లేస్తుందో, ఎప్పుడు తగ్గుతుందో ఒకామెకు తెలుసు. పొద్దున్నే తోడు వస్తానంది. ఆ సంగతి నాకు తెలియదు, మేజిస్ట్రేటుకు తెలియదు, ఏ కార్యకర్తకూ తెలియదు. 1995లో సోనాగాచి స్త్రీలు ఉషా సహకార సంఘం పెట్టుకున్నారు. అది వృత్తి వదిలినవారి సంఘం కాదు. ఐనా అప్పు పీక మీద కూర్చుని వుండగా ఏ స్త్రీ ఎక్కడికీ కదలలేదన్న లెక్క వారు మనకంటె ముందే వేశారు. దీన్ని ఏడ్చుకోవడం అంటారా, అధ్యాపక మిత్రమా? కార్మికులు ఇదే పని చేస్తే సంఘటిత చైతన్యం అంటాం.

ఆ సమావేశానికి చోటు లేదు. అద్దె గదులవాళ్ళు, వచ్చేది ఎవరో తెలియగానే ఖాళీ చేయమంటున్నారు. మా ఉపాధ్యాయ సంఘం హాలు ఆదివారాలు బూజు పట్టి వుంటుంది. అడిగాను. "హాలు పేరు పోతుంది" అన్నారొకరు. విద్యార్థినులు వస్తారన్నారు మరొకరు, అక్కడికి వచ్చే స్త్రీల పిల్లలు మా బడుల్లోనే చదువుతున్నారన్న సంగతి మరచి. గోడమీద మార్క్సు పటం వున్న హాలే అది. విషయం వాయిదా వేశారు. నేను ఆ రోజు గట్టిగా మాట్లాడలేదు; నా పేరు కూడా ఆ హాలు పేరుతో పాటు పోతుందని జంకాను. అందుకే ఇది రాస్తున్నాను.

వచ్చే కార్యవర్గంలో తీర్మానం నేనే ప్రతిపాదిస్తున్నాను: ఆదివారం మధ్యాహ్నం 2 నుంచి 5 దాకా హాలు వారికి, తాళంచెవి వారి చేతికే, మనవాళ్ళెవరూ పర్యవేక్షణకు రాకూడదు. బలపరచడానికి ఒక సభ్యుడు కావాలి.