అసలూ కొసరూ

వంకాయలు కొంటే కొసరు వేసేది అమ్మేవాడు. కార్ల షోరూములో మాత్రం కొనేవాడే కొసరు సమర్పించుకోవాలి!

పేపర్లో వేసే ఎక్స్-షోరూం ధరలో జి.ఎస్.టి. కలిసే ఉంటుంది. ఆపైన లైఫ్ టాక్సు, రిజిస్ట్రేషను ఫీజు సర్కారువి. వాటిలో బేరం లేదు. ధర 10 లక్షలు దాటితే పట్టే 1 శాతం టి.సి.ఎస్. పోయిన సొమ్ము కాదు, ఆదాయపు పన్నులో జమ అవుతుంది. కొత్త కారుకు 3 ఏళ్ళ థర్డ్ పార్టీ ఇన్సూరెన్సు 2018 సెప్టెంబరు నుంచి తప్పనిసరి. కాని ఏ కంపెనీలో చేయించాలో మన ఇష్టం.

మా కొటేషను మీద మా ఆవిడ, కిరాణా పద్దు చూసినట్టు, వరసకొక వేలు పెట్టి "ఇది ఎవరికి పోతుంది నాయనా?" అని అడిగింది. హ్యాండ్లింగు, యాక్సెసరీల కిట్టు, ఎక్స్టెండెడ్ వారంటీ దగ్గర కుర్రవాడు నీళ్ళు నమిలాడు. ఇవి ఏ చట్టమూ అడగనివి. అప్పులో కలిపేస్తే వీటిమీదా ఏళ్ళతరబడి వడ్డీ కట్టాలి. అసలుకంటే వడ్డీ ముద్దన్నది మనవల సంగతి, కార్ల సంగతి కాదు!

అడ్వాన్సు ఇవ్వకముందే పద్దులన్నీ విడివిడిగా రాయించుకోండి. ఇచ్చాక అడిగే ప్రశ్నకు బలం తక్కువ.