జంట ఫైర్‌వాల్‌లలో రెండవదానిపైనా నిఘా అవసరం

హైదరాబాద్: 1918లో స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో పరీక్షా ఫలితాలు, చేరువనే తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థలో పరిశోధనా సమాచారం నేడు కంప్యూటర్ నెట్‌వర్క్‌లపై ఆధారపడి ఉన్నాయి. ఇటువంటి విద్యా, పరిశోధనా సంస్థల నెట్‌వర్క్‌ల రక్షణకు రెండు ఫైర్‌వాల్‌లను జంటగా అమర్చడం పరిపాటి. ఒకటి పనిచేయుచుండగా రెండవది సిద్ధంగా ఉంటుంది.

అయితే రెండవది మొరాయించినా సేవలు ఆగవు. కనుక లోపం బయటపడదు. ఫలితాల రద్దీ వేళ మొదటిది నిలిచిపోయిన నాడే విద్యార్థులకు నష్టం తెలియవస్తుంది.

కావున రెండింటి ప్రాసెసర్, మెమరీలను, వాటిని కలిపే కేబుల్‌ను విడివిడిగా పరిశీలించాలి. సెలవు దినాలలో మొదటిదానిని నిలిపి, రెండవది బాధ్యత స్వీకరించునో లేదో పరీక్షించాలి. కేంద్ర సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న జారీచేసిన ఆదేశాల ప్రకారం లాగ్‌లను 180 రోజులు భద్రపరచాలి. సైబర్ ఘటనలను 6 గంటలలో తెలియజేయాలి. రెండు పరికరాల లాగ్‌లూ సక్రమంగా ఉన్నప్పుడే ఇది సాధ్యమగును.