కత్తినే కాదు, మేతను గూర్చియు అడుగవలెను

మాంసపు అంగడి ముందు నిలిచినపుడు మనము అడుగు ప్రశ్న ఒక్కటే: ఈ కోడిని హలాల్ చేసినారా? ప్రశ్న సమంజసమైనదే. కాని మన ధర్మము 'హలాల్' అను మాట ప్రక్కన 'తయ్యిబ్', అనగా శుద్ధమైనది, మేలైనది, అను మాటను కూడ నిలిపినది. బ్రతికిన నాళ్ళలో ఆ కోడి ఏమి తిన్నదని అడుగువారు అరుదు. అదియు అడుగవలెనని మా అభిప్రాయము.

పెరటికోడి పిల్ల తల్లి వెంట నేలను గీరుచు, తల్లి ప్రేగులలోని మేలుచేయు సూక్ష్మజీవులను తనకు తెలియకనే పొందును. హేచరీలో పుట్టిన పిల్లకు ఆ తల్లి లేదు. దాని ప్రేగు తలుపులు తెరచియున్న ఖాళీ ఇల్లు; ముందు చేరిన క్రిమిదే పెత్తనము. 1973లో ఫిన్లాండు శాస్త్రజ్ఞులు నూర్మి, రంటాలా ఆరోగ్యముగల పెద్దకోళ్ళ ప్రేగులలోని పదార్థమును పసిపిల్లలకు ఇచ్చి, సాల్మొనెల్లా క్రిమిని వాటిలో నిలదొక్కుకొననీయకుండ చేయవచ్చునని చూపిరి. ప్రోబయోటిక్ మేతల వెనుకనున్న సూత్రమిదియే. లాక్టోబాసిల్లస్ వంటి క్రిములు ప్రేగులలో ముందుగా చోటు చేసికొని, ఆమ్లమును పుట్టించి, దుష్టక్రిములను అడ్డగించును.

రెండవ మార్గమొకటి కలదు. రోగము లేకున్నను, బరువు పెరుగుటకై మేతలో కొద్దికొద్దిగా యాంటీబయాటిక్ కలుపుట. బలహీనమైన క్రిములు చచ్చి, మందుకు లొంగనివి మిగులును. మాంసము, ఎరువు, నీటి ద్వారా అవి మనుష్యులను చేరగలవు. ఐరోపా సమాఖ్య 2006 జనవరి 1 నుండి ఈ పద్ధతిని నిషేధించినది. ఇతర మందులు పనిచేయనపుడు రోగికి ఇచ్చు కొలిస్టిన్‌ను కోళ్ళకు వాడరాదని మన కేంద్రప్రభుత్వము 2019 జులైలో ఉత్తరువు చేసినది.

ప్రోబయోటిక్ సర్వరోగనివారిణి అని మేము చెప్పుట లేదు. కిక్కిరిసిన షెడ్డు, తడిసిన పొట్టు, మురికి నీరు ఉన్నచోట అది చేయగలిగినది స్వల్పము. రోగము వచ్చిన కోడికి పశువైద్యుని సలహాపై మందు ఇచ్చుట తప్పును కాదు. అట్లే నిందనంతయు రైతుపై మోపుట న్యాయము కాదు. ధర తప్ప మరేమియు అడుగని కొనుగోలుదారుడు కూడ బాధ్యుడే.

కావున విద్యార్థులారా, అంగడిలో రెండవ ప్రశ్నను కూడ వేయుడు. వసతిగృహములకు మాంసము కొను కళాశాలల కమిటీలవారు సైతము, మేతలో ఏమి కలిపినారో, మందు మానిన ఎన్ని దినములకు కోసినారో వ్రాతపూర్వకముగా తెలుపుమని సరఫరాదారులను కోరుట మంచిది. కొనువాడు అడుగనిదే పెంచువాడు మారడు.