పెరటి ముచ్చటలు: బరువు కాయల పందిరి



బంజారా హిల్సులో గడ్డపార వేసినచో మన్ను కంటె ముందు రాయి పలుకును. పాఠశాలవారు మాకిచ్చిన యింటి పెరటిలోను జానెడు మట్టి, దాని క్రింద ఒకటే బండ. ఇట్టిచోట బూడిదగుమ్మడిని పెంచుట తేలికయే. దానికి పందిరి నిలుపుటయే కష్టము.

కిందటి యేడు మేము నాలుగు వెదురుబొంగులు ఆ జానెడు మట్టిలోనే గ్రుచ్చి, పైన కొబ్బరితాళ్లల్లి పందిరి యనుకొంటిమి. తీగ కమ్ముకొనెను, కాయలు దిగెను. భాద్రపదమున నొకరాత్రి వానగాలి వీచెను. తెల్లవారి చూడగా పందిరి కొంచెము ఒరిగి యున్నది. తరువాత చూతములే యని వంటకు పోతిమి. గడియ గడువకముందే అది యంతయు కూలెను. మా చిన్నవాడు అప్పుడే దాని క్రిందనుండి ఇంటిలోనికి వచ్చియుండెను. ఆనాడు మాకు అన్నము సయింపలేదు.

కాయల బరువే పందిరిని కూల్చునని మేము తలచియుంటిమి. కాదు, తడిసిన ఆకుల బరువును, ఆ ఆకులపై తెరచాపకు వలె తగులు గాలియును కూల్చును. కావున గింజ నాటుటకు ముందే గుంజలు గట్టిపరుపవలెను. ఒకప్పుడు హైదరాబాదు పరిసరములందు అనాబ్-ఎ-షాహీ ద్రాక్షను రాతికడీలపై ఇనుపతీగ లాగిన పందిళ్లకే ప్రాకించెడివారు. మేమును ఈ యేడు కడీలే తెప్పించితిమి. రెండు బండ పగుళ్లలో దిగినవి; తక్కిన రెంటిని పెద్ద తొట్లలో నిలిపి కాంక్రీటు పోయించితిమి. నాలుగింటిని వెలుపలికి లాగిపట్టునట్లు ఇనుపతీగతో బండకే బిగించితిమి. ఎత్తు ఆరడుగులు, చేయెత్తిన కాయ అందవలెను.

బండపైననే ప్రాకనీయరాదా యని పొరుగింటి పిన్నిగారడిగిరి. ఎండవేళ ఆ బండపై కాయ ఉడికిపోవును. మెత్తని నేల గలవారు మాత్రము గడ్డి పరచి నేలనే ప్రాకింపవచ్చును. పందిరి ఊసే వలదు.

కాయ కొబ్బరికాయంత కాగానే దానికి ఉట్టి కట్టవలెను. ఉట్టిత్రాడు పందిరి వాసమునకు కట్టవలెను గాని తీగకు కాదు. మేము మొదట పాత నూలుచీర పీలికలు కట్టితిమి. వానకు నాని చివికినవి. ఉల్లిపాయలు వచ్చు వలసంచి మేలు, నీరు నిలువదు. బీర, కాకరలకు ఈ సేవ అక్కరలేదు. పొట్లకాయకైతే తిన్నగా సాగుటకు మనమే చివర రాయి కట్టుదుము గదా!

మొన్న మొదటి కాయ దించితిమి, ఆరు కిలోలు తూగెను. వడియములకు తరుగుచున్నాము. చిన్నవానిని మాత్రము ఆ పందిరి క్రిందికి ఇంకను పోనిచ్చుట లేదు.