చెడిన రోడ్డుకే ముందు డబ్బా?

కోయంబత్తూరు సింగానల్లూరులో ఎవరిని కదిలించినా రోడ్ల గురించి ఒకే మాట చెబుతారు: ఎక్కడ ఎక్కువ చెడిందో అక్కడ ముందు వెయ్యాలి. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం మాట్లాడే మా కుటుంబాలూ అదే అంటాయి. టీ కొట్టు దగ్గర నిలబడ్డ మిల్లు కార్మికుడూ అదే అంటాడు. ఓట్లకు వచ్చిన కౌన్సిలరు దానికే తలూపి వెళ్తాడు. వినడానికి ఇంతకన్నా న్యాయమైన మాట ఉండదు. అయినా కోయంబత్తూరు రోడ్లు ఏటేటా ఇలా ఏడవడానికి ఆ మాటే పెద్ద కారణమని నేనంటాను. డబ్బు చాలకపోవడం, కాంట్రాక్టరు తినెయ్యడం దాని తర్వాతే.

తారు రోడ్డు ఒక్క రాత్రిలో గుంతలు పడదు. మొదట వెంట్రుక మందాన పగుళ్ళొస్తాయి. స్కూటరు మీద పోయేవాడికి అవి కనపడవు. వాటిలోంచి వాన నీళ్ళు దిగి కింది కంకర పొరను నానబెడతాయి. బస్సు చక్రం ఎక్కినప్పుడల్లా ఆ పొరలోని మెత్తటి మట్టి నీళ్ళతో కలిసి పైకి చిమ్ముతుంది. ఎండాక వంగి చూస్తే పగులు పొడుగునా పాలిపోయిన చార కనిపిస్తుంది. ఆ చార పడిందంటే అడుగు బలం పోతోందన్నమాట. ఆ తర్వాత పగుళ్ళు ఒకదాన్నొకటి కలుసుకుంటాయి, పెచ్చులు లేస్తాయి, గుంత పడుతుంది. రోడ్డు ఇంజనీర్లు దశాబ్దాలుగా చూపిస్తున్న లెక్క ఒకటుంది. ఆయుష్షులో ముప్పాతిక భాగం గడిచేదాకా రోడ్డు నాణ్యత సుమారు 40 శాతం తగ్గుతుంది. ఆపైన ఆయుష్షులో 12 శాతం పాటి కాలంలోనే మరో 40 శాతం పడిపోతుంది. ఆ మలుపుకు ముందే పగుళ్ళు పూడ్చి, పైన పల్చటి పూత వేస్తే రోడ్డు నిలుస్తుంది. దాటాక తవ్వి అడుగు నుంచి కట్టాలి, ఖర్చు ఎన్నో రెట్లు. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకుంటున్నాం.

చెడినదానికే ముందు అన్న పద్ధతిలో ఏమవుతుందో చూడండి. వార్డులో పది వీధులున్నాయనుకుందాం. రెండు పూర్తిగా పోయాయి, నాలుగింటికి పగుళ్ళు మొదలయ్యాయి, నాలుగు బాగున్నాయి. ఈ ఏటి డబ్బంతా ఆ రెండింటికే పోతుంది. పగుళ్ళు పట్టిన నాలుగింటికీ రెండు వానాకాలాలు పోతే అవీ చచ్చిన రోడ్ల జాబితాలోకి వస్తాయి. వాటిని పూర్తిగా కట్టేలోపు, మొదట వేసిన రెండింటికీ పగుళ్ళు పడతాయి. జాబితా ఎప్పటికీ తరగదు. కార్పొరేషన్ ఎప్పుడూ పని చేస్తూనే ఉంటుంది, ఊరు ఎప్పుడూ గుంతల్లోనే ఉంటుంది.

దీనికి అధికారుల బద్ధకాన్ని ఒక్కదాన్నే తప్పుపడితే లాభం లేదు. డబ్బొచ్చే దారే అలా ఉంది. కార్పొరేషన్‌కు ఏటా వచ్చే రాబడి ఉంది: ఆస్తి పన్ను, నీటి రుసుము, రాష్ట్రం తన సొంత పన్నుల్లోంచి స్థానిక సంస్థలకు పంచే 10 శాతంలో వాటా. జీతాలు, పింఛన్లు, కరెంటు బిల్లులు, చెత్త ఎత్తడం, అన్నీ అందులోంచే గడవాలి. పెద్ద మొత్తం కావాలంటే పథకం రావాలి. టీయూఆర్‌ఐపీ అని పిలిచే పట్టణ రహదారుల పథకం ఉంది, 2021లో మొదలైన కలైజ్ఞర్ నగర్పుర మేంపాట్టు తిట్టం ఉంది. ఈ డబ్బు ప్రధానంగా రోడ్డు కొత్తగా వెయ్యడానికో, మళ్ళీ వెయ్యడానికో వస్తుంది. పగులు పూడుస్తామంటే ఏ పథకమూ పలకదు. రోడ్డుకు పథకంలో చోటు దొరకాలంటే ముందు అది చెడిపోవాలి. శంకుస్థాపన ఫొటో పడేదీ కొత్త రోడ్డుకే.

2022 ఏప్రిల్‌లో రాష్ట్ర ప్రభుత్వం పట్టణాల ఆస్తి పన్నును 25 నుంచి 150 శాతం దాకా పెంచింది. పన్ను పెరిగింది, రోడ్డేదీ అని మావాళ్ళు అడిగారు. న్యాయమైన ప్రశ్నే. కానీ అడగాల్సింది ఇంకాస్త సూటిగా: పెరిగిన పన్నులో ఎన్ని రూపాయలు ఇంకా బాగున్న రోడ్లను కాపాడడానికి విడిగా తీసిపెట్టారు?

1981లో కోయంబత్తూరు కార్పొరేషన్ అయినప్పుడు, అంతదాకా సొంత మునిసిపాలిటీగా ఉన్న సింగానల్లూరు అందులో కలిసింది. అప్పటి నగరం సుమారు 105 చదరపు కిలోమీటర్లు. 2011లో మరిన్ని ఊళ్ళు చేరి 257 దాటింది, వార్డులు 100 అయ్యాయి. పైగా 2016 చివరి నుంచి 2022 ఫిబ్రవరి ఎన్నికల దాకా ఎన్నికైన కౌన్సిలే లేదు. ఇంత పెద్ద ఊరికి ఏ రోడ్డు ఏ స్థితిలో ఉందో చెప్పే పట్టిక లేకపోతే, గొంతు పెద్దదైన వీధే గెలుస్తుంది. భారత రహదారుల కాంగ్రెస్ తారు రోడ్ల నిర్వహణ కోసమే ఐఆర్‌సీ 82 అనే నియమావళి రాసి, 2015లో సవరించింది. పగుళ్ళు, గుంతలు, కుంగిన చోట్లు ఎంత శాతమో చూసి రోడ్డుకు మార్కులెలా వెయ్యాలో అందులో ఉంది. చదువుకున్న కుర్రాళ్ళిద్దరు కొలత టేపుతో ఒక వార్డును కొద్దిరోజుల్లో చుట్టేసి రాయగలరు.

తవ్వకాల సంగతి మరీ బాధాకరం. భూగర్భ డ్రైనేజీకి తవ్వారు. 2018లో సూయజ్ సంస్థతో ఒప్పందమైన 24 గంటల నీటి పథకం పాత పరిధిలోని 60 వార్డులది, దానికీ తవ్వారు. గ్యాస్ గొట్టాలకూ తవ్వారు. ఇవన్నీ కావాల్సినవే. కానీ గొట్టం వేశాక మట్టిని పొరలు పొరలుగా దిమ్మిస కొట్టి పూడ్చకపోతే మొదటి వానకే కుంగుతుంది. ఆ కుంగిన గాడి రోడ్డంతటికీ నీళ్ళు పట్టిస్తుంది. గొట్టాల వాళ్ళందరూ వచ్చి వెళ్ళేదాకా కొత్త తారు వెయ్యకూడదు. వేశాక ఐదేళ్ళు ఎవరినీ తవ్వనివ్వకూడదు.

అతుకుల పని దగ్గర నిలబడి చూస్తే కడుపు మండుతుంది. నీళ్ళు నిలిచిన గుంతలోకి పారతో తారు కంకర వేసి, పార వెనకభాగంతో నాలుగు దెబ్బలు కొట్టి లారీ ఎక్కి వెళ్ళిపోతారు. వారం తిరక్కుండా బస్సులు ఆ కంకరను అంచులకు చిమ్మేస్తాయి. గుంతను చదరంగా కోసి, అంచులు నిలువుగా చేసి, లోపల ఊడ్చి ఆరబెట్టి, పల్చగా తారు ఎమల్షన్ పూసి, నింపి, రోలరు తొక్కించాలి. గంట పని. ఆ గంటకు బిల్లు లేదు. ఇక పాత పొర గీకకుండా పొర మీద పొర వెయ్యడం వల్ల చెరువు వైపు వీధుల్లో ఇళ్ళు రోడ్డుకన్నా పల్లంలో పడ్డాయి. పాత పొర గీకి తీసేశాకే కొత్తది వెయ్యాలని 2021లో రాష్ట్ర ప్రధాన కార్యదర్శి ఆదేశమే ఇచ్చారు.

కాంట్రాక్టరు దొంగ కాబట్టి ఏ పద్ధతైనా ఒకటే అనేవాళ్ళున్నారు. దొంగతనం ఉంది, కాదనను. అయితే రోడ్డు వేసినందుకు డబ్బిస్తే వెయ్యడంలో దొంగతనం జరుగుతుంది, రోడ్డు బాగున్నన్నాళ్ళు డబ్బిస్తే బాగుంచడం వాడి అవసరమవుతుంది. హైదరాబాద్‌లో జీహెచ్‌ఎంసీ 709 కిలోమీటర్ల ప్రధాన రహదారులను ఐదేళ్ళ నిర్వహణకు ఏజెన్సీలకు అప్పగించింది, విలువ 1,839 కోట్ల రూపాయలు. సందులకు అది అందలేదు, అదే దాని లోపం. మనకు కావాల్సింది ఆ ఒప్పందపు తీరు, వార్డు స్థాయిలో.

అన్నిటికన్నా బరువైన అభ్యంతరం వేరే ఉంది. బురదలో బతుకుతున్నవాళ్ళను ఆగమని, బాగున్న వీధికి పూత వెయ్యడం ఏం న్యాయం? దీన్ని తేలిగ్గా తీసుకోను. అందుకే రెండు పద్దులు విడగొట్టాలంటున్నాను. కాపాడే పని సొంత పన్నుతో, ఏటా, వేరే దానికి మళ్ళించకుండా జరగాలి. తవ్వి కట్టే పని పథకాల డబ్బుతో, పట్టికలో వరుస ప్రకారం జరగాలి. ఇప్పుడైతే రాష్ట్రపు నమక్కు నామే తిట్టం అనే పథకం కింద మూడో వంతు జనం వేసుకుంటే మిగతాది ప్రభుత్వం ఇస్తుంది. చందా వేసుకోగలిగిన వీధి దాంతో ముందుకొస్తుంది, మిల్లు మూతపడ్డ కార్మికుల సందు వెనకబడుతుంది. పట్టిక లేని చోట న్యాయం ఎప్పుడూ అలాగే జరుగుతుంది.

మా వీధి ఆ మలుపు ఎప్పుడో దాటింది. నేను చెప్పిన లెక్కలో దానికి ఈ ఏడు పూత డబ్బు రాదు, తవ్వి కట్టే జాబితాలోకి పోతుంది. మా వంతు మూడో ఏడైతే మూడో ఏడే రానివ్వండి. ఆ సంవత్సరాన్ని వార్డు ఆఫీసు గోడ మీద రాయాలని, మార్చి బడ్జెట్‌లో దాని పద్దు చూపించాలని, అంతదాకా గుంతల్లో కంకర నింపి రోలరు తొక్కించాలని రాబోయే మా వార్డు ఏరియా సభలో లేచి అడగబోతున్నాను.