నాజర్ అడుగులు

షేక్ నాజర్ అనగానే అందరికీ గుర్తొచ్చేది ఆ గొంతు. రేడియోలో విన్నవాళ్ళకు, క్యాసెట్లు అరిగేదాకా వేసుకున్నవాళ్ళకు పల్నాటి యుద్ధం, బొబ్బిలి యుద్ధం బుర్రకథలు ఇప్పటికీ ఆ కంఠంలోనే మోగుతాయి. అయితే బుర్రకథ కూర్చుని పాడేది కాదు. కాళ్ళకు గజ్జెలు కట్టి, భుజాన తంబురా వేసుకుని, ముందుకు దూకుతూ వెనక్కి జరుగుతూ, గిరుక్కున తిరుగుతూ చెప్పే కథ. కత్తి దూస్తే ఒక అడుగు, శోకం వస్తే ఇంకో నడక. పక్కన డక్కీలు పట్టిన వంతలిద్దరూ, హాస్యం చెప్పేవాడూ రాజకీయం చెప్పేవాడూ, అదే తాళానికి అదే అడుగు వేయకపోతే కథ అక్కడే కుంటుతుంది. గుంటూరు గడ్డ గత శతాబ్దంలో ఇచ్చిన ఆధునిక నృత్యం ఇదేనని నా నమ్మకం. మనం మాత్రం దీన్ని నాట్యం లెక్కలో ఎన్నడూ వేసుకోలేదు.

నాజర్ 1920లో పొన్నెకల్లులో దూదేకుల ఇంట పుట్టారు. ఆయన ఆత్మకథ పేరే ‘పింజారి’. 1943లో వామపక్ష కళాకారుల సంస్థ ప్రజానాట్యమండలి వచ్చాక, బుర్రకథకు మూలమైన పాత జంగం కథ తీరు మారిపోయింది. వీరగాథల సరసన బెంగాల్ కరువూ, అల్లూరి సీతారామరాజూ చేరారు. అటు నిజాం, ఇటు మద్రాసు సర్కారు బుర్రకథను నిషేధించాయంటే జనంలో దాని పట్టు ఎంతో తెలుస్తుంది. 1954 నాటి ‘అగ్గిరాముడు’ సినిమాలో నాజర్ దళం అల్లూరి కథ చెబుతుంది. ఆ కొద్ది నిమిషాలైనా సినిమాకెక్కడం మన అదృష్టం.

అడుగుల్ని దాచుకోవడం ఎలాగో తెలియాలంటే అమెరికాలో నృత్యకర్త మెర్స్ కన్నింగ్‌హామ్ 1953లో పెట్టిన నృత్య దళం సంగతి చూడండి. తన తర్వాత దళం రెండేళ్ళు దేశదేశాలు తిరిగి మూతపడాలని ఆయన బతికుండగానే నిర్ణయించారు. 2009లో ఆయన పోయారు, 2011 డిసెంబరు 31న చివరి ప్రదర్శన జరిగింది. కానీ ఒక్కో నృత్యానికి వీడియోలు, రాతప్రతులు, లైట్ల వివరాలు, దుస్తుల కొలతలు ముందే కూర్చిపెట్టారు. ఆ దళంలో ఆడినవాళ్ళు వేరే దళాలకు నేర్పుతున్నారు. మన దగ్గర జరిగింది దీనికి తలకిందులు. ప్రజానాట్యమండలి నేటికీ ఉంది, కళాకారులున్నారు, పాటలున్నాయి. 1997లో నాజర్ వెళ్ళిపోయాక ఆ అడుగుల్ని వరసగా నేర్పే చోటు మాత్రం లేదు.

ఆ అడుగులకు మొదటి దెబ్బ కొట్టింది నిలువు మైకు. గొంతు అందరికీ వినబడాలంటే కథకుడు దాని ముందు నిలబడిపోవాల్సిందే. తర్వాత సర్కారీ ప్రచార కథలొచ్చాయి. కాస్త సమయంలో పథకం పేరు చెప్పి దిగిపోవాలి, ఇక దూకడానికి సందెక్కడ? ఇవాళ శివరాత్రికి కోటప్పకొండ తిరునాళ్ళలో ఎత్తుగా అలంకరించిన ప్రభల మీద తెల్లవార్లూ రికార్డింగ్ డాన్సులు సాగుతాయి. ఆ పిల్లలూ పొట్టకూటికే ఆడుతున్నారు, వాళ్ళ మీద నాకు కోపం లేదు. అక్కడ ఒక్క ప్రభ బుర్రకథకు దక్కకపోవడమే బాధ.

పింఛన్లు, సన్మానాలు, 1986లో నాజర్‌కు వచ్చిన పద్మశ్రీ లాంటి బిరుదులు, అన్నీ మనిషికొకటిగా ఇస్తారు. బుర్రకథకు కావలసింది ముగ్గురు. ఒకే ఊళ్ళో ఏడాది పాటు కలిసి సాధన చేసే ముగ్గురు. కృష్ణకు అవతల కూచిపూడిలో సిద్ధేంద్రయోగి కళాపీఠం నాట్యం నేర్పుతోంది కదా, ఇవతల గుంటూరులో బుర్రకథకు అలాంటి పీఠం ఎందుకు ఉండకూడదు? వాళ్ళు చెప్పడానికి కథలకు కరువా? 2025లో మిర్చి ధర పడిపోయి యార్డు ముందు రైతు బస్తాలతో నిలబడ్డాడు. పత్తి అప్పుల కథ అంతకన్నా పాతది. రాజకీయం వంత అడగాల్సిన ప్రశ్నలన్నీ అలాగే ఉన్నాయి.

పాత దళాల్లో వంత పలికినవాళ్ళు పల్లెల్లో ఇంకా ఉన్నారు. వాళ్ళను ముఖం నుంచి పాదాల దాకా కెమెరాలో పట్టాలి, వాళ్ళ చేతే కుర్రాళ్ళకు నేర్పించాలి. ముగ్గురికి ఏడాది జీతం, గురువుకు గౌరవ వేతనం, ఒక కెమెరా. సాంస్కృతిక శాఖ తలచుకుంటే వచ్చే శివరాత్రి లోపే మొదలుపెట్టొచ్చు.