పాత సూక్ష్మదర్శినికి నల్ల కాగితపు బిళ్ళ

పరికరము పాతబడుట వేరు, పనికిరాకపోవుట వేరు. ఈ భేదమును గుర్తింపనిచో కళాశాలకు ధననష్టము, విద్యార్థికి జ్ఞాననష్టము కలుగుచున్నవి. మేము భాషాసాహిత్యములు బోధించువారము. జీవశాస్త్రము మా విషయము కాదు. అయినను మన వార్షిక సంచికలో సూక్ష్మదర్శినిని గూర్చి వ్రాయుటకు కారణము కలదు. తెలుగున సూక్ష్మదర్శిని యన్నను, ఉర్దూలో ఖుర్ద్‌బీన్ అన్నను భావము ఒక్కటే: సూక్ష్మమైనదానిని చూపునది. ఆ చూపు ధనమున్న విద్యాసంస్థలకు మాత్రమే దక్కవలెనని ఎక్కడను వ్రాసి లేదు.

ప్రయోగశాలల బీరువాలలో పాత సూక్ష్మదర్శినులు మూలబడి యుండుట మనకు క్రొత్త దృశ్యము కాదు. వానిలో పెక్కింటికి కటకములు చక్కగనే యుండును. కాని రంగు వేయని జీవకణము వానిలో దాదాపు కనుపించదు. అది గాజువలె పారదర్శకమగుట, చుట్టునున్న వెలుగులో కలిసిపోవుట ఇందుకు కారణము. అందుచేత విద్యార్థి ఎన్నడో రంగు వేసి భద్రపరచిన స్లైడునే ఏటేటా చూచుచున్నాడు. దాని బొమ్మను రికార్డు పుస్తకములో దించుచున్నాడు. జీవశాస్త్రము చదువుచు జీవమును చూడకపోవుట విచారకరము కాదా?

దీనికి చవకైన ఉపాయమొకటి కలదు. దానిని డార్క్‌ఫీల్డ్ పద్ధతి యందురు. చీకటి గదిలో తలుపు సందునుండి ఎండ కిరణము ప్రవేశించినపుడు, పగటి వెలుగులో కానరాని ధూళికణములు మిలమిల మెరయుట మనమందరము చూచినదే. వెలుగు మన కంటిలో నేరుగా పడక, ప్రక్కనుండి కణములపై పడి చెదరి మనకు చేరుటయే అందలి రహస్యము. సూక్ష్మదర్శినిలోను అంతే. క్రిందనుండి వచ్చు కాంతిలో నడిమి భాగమును అడ్డగించినచో, అంచులనుండి మాత్రమే వెలుగు ఏటవాలుగా స్లైడుపై పడును. అది నేరుగా వస్తుకటకములో ప్రవేశింపదు. జీవికి తగిలి చెదరిన వెలుగు మాత్రమే ప్రవేశించును. నేపథ్యము నల్లబడి, జీవి రాత్రి ఆకాశమున నక్షత్రమువలె వెలుగును.

ఇందుకు కావలసినది నల్లని అట్టముక్క, పారదర్శకమైన ప్లాస్టిక్ రేకు, కత్తెర. మొదట పది రెట్ల వస్తుకటకముతో ఒక స్లైడును స్పష్టముగా చూడవలెను. తరువాత అక్షికటకమును తీసి గొట్టములోనికి చూచుచు, కండెన్సర్ క్రింది ఐరిస్‌ను మెల్లగా మూయవలెను. ఐరిస్ అంచు కటకపు వెలుగు వలయపు అంచుతో కలిసినచోట ఆపి, ఆ రంధ్రపు వ్యాసమును కొలువవలెను. అంతకంటె కొంచెము పెద్దదిగా నల్లని బిళ్ళను కత్తిరించి, గుండ్రని ప్లాస్టిక్ రేకు నడుమ అంటించి, కండెన్సర్ క్రింద ఫిల్టరు పెట్టు వలయములో ఉంచవలెను. ఐరిస్‌ను పూర్తిగా తెరచి, కండెన్సర్‌ను పైకి జరిపి, అక్షికటకమును మరల అమర్చిన చాలును. వెలుగు హెచ్చుగా కావలెను గనుక ఎల్.ఇ.డి. దీపము మేలు. అద్దమును సూర్యునివైపు త్రిప్పి చూచుట కంటికి ప్రమాదము. అది ఎన్నడును చేయరాదు. స్లైడుపై ధూళి యున్నచో అదియు మెరయును గనుక శుభ్రత ముఖ్యము. మరలు విప్పుట లేదు, రంధ్రములు చేయుట లేదు. బిళ్ళను తీసినంతనే పరికరము యథాస్థితికి వచ్చును.

దీని పరిమితులను దాచుట న్యాయము కాదు. కండెన్సర్ లేక అద్దము మాత్రమే గల సాధనములకు ఈ పద్ధతి నప్పదు. సాధారణముగా పది రెట్ల వస్తుకటకపు న్యూమరికల్ ఎపర్చర్ 0.25, నలుబది రెట్లదానికి 0.65. నూనె లేని కండెన్సర్ 1.0ను మించజాలదు. కనుక మొదటిదానితో దృశ్యము సులభముగా లభించును. రెండవదానితో ఓర్పు కావలెను. నూరు రెట్ల నూనె కటకమునకు ప్రత్యేకమైన కండెన్సర్ లేనిదే సాధ్యము కాదు.

అట్టముక్కతో ఆటలాడుట యని దీనిని తేలికగా చూడరాదు. 1905లో షౌడిన్, హాఫ్‌మన్ అను జర్మన్ శాస్త్రజ్ఞులు సిఫిలిస్ వ్యాధికారకమైన సూక్ష్మజీవిని కనుగొనిరి. సన్నని ఆ జీవిని సజీవముగా చూచుటకు 1906లో వియన్నాలో లాండ్‌స్టైనర్, ముఖా డార్క్‌ఫీల్డ్‌నే ఆశ్రయించిరి. వరి పొలములలో పనిచేయు మన రైతులకును ఎలుకల మూత్రమువలన సోకగల లెప్టోస్పైరోసిస్ వ్యాధి విషయములోను అంతే. దాని నిర్ధారణలో ప్రామాణికమైన పరీక్షను నేటికిని డార్క్‌ఫీల్డ్ సూక్ష్మదర్శినిలోనే చూచి తేల్చుదురు. ఈ పనులకు వాడునది ప్రత్యేకమైన కండెన్సర్ అయినను, సూత్రము మన నల్లబిళ్ళదే.

ఇచట ఒక హెచ్చరిక అవసరము. రక్తపుబొట్టును ఈ చీకటి తెరపై చూపించి సర్వరోగములను చెప్పగలమను వ్యాపారులు పెక్కు దేశములలో నున్నారు. ఆ పద్ధతికి శాస్త్రీయమైన ఆధారము లేదు. మన విద్యార్థులు కుంటనీటిలోని పారమీసియమును, రోటిఫర్‌ను, డయాటములను చూడుడు; తమ బుగ్గ లోపలి కణములను రంగు లేకుండ చూడుడు. రోగనిర్ణయము మాత్రము వైద్యులకు వదలుడు.

ఇందుకు ఆక్షేపణలు లేకపోలేదు. పరీక్షలో దీనిని అడుగరు గదా యని కొందరు, విద్యార్థుల చేతికిచ్చిన పరికరములు చెడునని కొందరు అందురు. పరీక్షలో అడిగినదే చూడవలెననుట చదువు కాదు. ఇక చెడుట సంగతి: బీరువాలో తేమకు బూజు పట్టి చెడు కటకములకు ఎవరు బాధ్యులు? ఫేజ్ కాంట్రాస్ట్ ఇంతకంటె మేలైనది గదా యని విజ్ఞులు ప్రశ్నింపవచ్చును. నిజమే, దానిని కనుగొన్న జెర్నికెకు 1953లో నోబెల్ బహుమతి లభించినది. కాని దానికి ప్రత్యేకమైన కటకములు కొనవలెను. అవి కొనగలిగిన నాడు తప్పక కొందము. అంతవరకు కన్నులు మూసికొని కూర్చుండనేల?

కళాశాల కమిటీ పెద్దలకు మా విన్నపము స్వల్పము. ఏ సూక్ష్మదర్శినినైనను పనికిరానిదని పట్టీలో వ్రాయుటకు ముందు మూడు సంగతులు పరీక్షింపజేయుడు: కటకములకు బూజు పట్టినదా, ఫోకసు మర తిరుగుచున్నదా, కండెన్సర్ ఐరిస్‌తో సహా యున్నదా? ఈ మూడును సరిగనున్నచో దానిని తుక్కుగా అమ్మవద్దు. శుభ్రపరచుటకు కొద్ది పైకము మంజూరు చేసి, ఉపన్యాసకుల పర్యవేక్షణలో వారమున కొక పూట విద్యార్థులకు అప్పగింపుడు. సాహిత్య, వాణిజ్య విద్యార్థులకును ఆ తలుపులు తెరచియుండవలెను.

విద్యార్థులారా! క్రొత్త పరికరము వచ్చువరకు ఆగవద్దు. బిళ్ళను మీరే కొలువుడు, మీరే కత్తిరింపుడు. మొదటిది సరిపోనిచో రెండవది చేయుడు. మన ఊరి చెరువునీటి బొట్టులో మీరు చూచినదానిని తెలుగున గాని ఉర్దూలో గాని వ్రాసి తెచ్చినచో, రాబోవు సంచికలో దానికి చోటిప్పించు పూచీ మాది.